రాళ్ల నగల సంరక్షణ: కడిగే ముందు రాయిని తెలుసుకోవాలి

పెళ్లిళ్ల రోజులు అయిపోయి నగలు తిరిగి లాకరుకు చేరే ముందు చాలా ఇళ్లలో ఒక పని జరుగుతుంది. వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, కుంకుడు రసం కలిపి, గాజులు, దుద్దులు, కెంపుల హారం, ముత్యాల దండ అన్నిటినీ అందులోనే నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది తీస్తారు. బంగారానికి ఈ స్నానం వల్ల నష్టం లేదు, బిగువుగా పొదిగిన వజ్రానికీ లేదు. అదే గిన్నెలో పడిన ముత్యం మాత్రం ప్రతిసారీ కొంత మెరుపు పోగొట్టుకుంటుంది. వెనుక రేకు పెట్టి మూసిన కెంపు లోపలికి నీరు దిగితే మసకబారుతుంది. పచ్చలో పట్టించిన నూనె కొంచెం కొంచెంగా పోయి, ఎన్నాళ్లుగానో కంటికి కనిపించని పగుళ్లు బయటపడతాయి. నగను కడగబోయే ముందు మూడు సంగతులు తెలిసి ఉండాలి: అందులో ఉన్నది ఏ రాయి, దానికి ముందే ఏ చికిత్స చేశారు, దాన్ని ఏ పద్ధతిలో పొదిగారు. ఈ మూడూ తెలియని నగను పొడి మెత్తని గుడ్డతో నెమ్మదిగా అద్ది దాచడమే క్షేమం.

రాయి గట్టిదనం

రాళ్ల గట్టిదనాన్ని చెప్పడానికి జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోహ్స్ 1812లో రూపొందించిన కొలమానాన్నే నేటికీ వాడుతున్నారు. దాని ప్రకారం వజ్రం 10, కెంపు, నీలం 9, వైడూర్యం 8.5, పచ్చ 7.5 నుంచి 8, స్ఫటికం (క్వార్ట్జ్) 7. పగడం 3, 4 మధ్య ఉంటుంది, ముత్యం 2.5 నుంచి 4.5 వరకు ఉంటుంది. ఎక్కువ అంకె గల రాయి తక్కువ అంకె గల రాయిని గీస్తుంది. ఈ అంకెలకు అంతకు మించిన అర్థం లేదు. అయినా ఈ చిన్న సూత్రంతో ఇంట్లో తేలే విషయాలు చాలా ఉన్నాయి. మన ఇంటి దుమ్ములో సన్నని ఇసుక రేణువులుంటాయి, ఇసుకంటే ఎక్కువ భాగం స్ఫటికమే. కాబట్టి దుమ్ము పట్టిన ముత్యాన్ని చీర కొంగుతో గట్టిగా తుడవడమంటే దాని మీద గరుకు కాగితం రుద్దినట్టే. వజ్రపుటుంగరాన్ని, కెంపు దుద్దులను ఒకే డబ్బాలో పడేస్తే గీతలు పడేది కెంపు మీద. బంగారం గట్టిదనం 3కు మించదు కనుక ఆ డబ్బాలోని గొలుసు మీద ఆ రెండూ గీతలు పెడతాయి.

గట్టిదనం వేరు, దెబ్బకు ఓర్చుకునే శక్తి వేరు. వజ్రాన్ని మరో రాయి గీయలేకపోయినా, దాని స్ఫటిక నిర్మాణంలో కొన్ని దిక్కుల్లో బంధాలు తేలికగా విడిపోతాయి. ఆ దిక్కున గట్టి దెబ్బ తగిలితే వజ్రం చీలుతుంది. రుబ్బురోలు దగ్గర, వాషింగ్ మెషీన్ దగ్గర, జిమ్ములో బరువులెత్తేటప్పుడు ఉంగరం తీసి పెట్టమనడానికి కారణం ఇదే.

జాతిరాయి అనే మాట చాలదు

జాతిరాయా కాదా అని అడగడం మనకు అలవాటు. ఈ రోజుల్లో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు సగం సమాచారమే ఇస్తుంది. కెంపు, నీలం, కనక పుష్యరాగం మూడూ కురువిందం అనే ఒకే ఖనిజం. అందులో అతి కొద్ది క్రోమియం చేరితే ఎరుపు, ఇనుము, టైటానియం కలిసి చేరితే నీలం వస్తుంది. వీటిని కొలిమిలో అధిక ఉష్ణోగ్రతకు వేడి చేసి రంగు మెరుగుపరచడం వ్యాపారంలో సర్వసాధారణం. ఆ మార్పు స్థిరమైనది, రోజువారీ వాడకంతో పోదు. అమ్మేటప్పుడు ఆ మాట చెప్పి తీరాలి, అంతే. అసలు చిక్కు గాజు నింపిన కెంపులతో వస్తుంది. పగుళ్లతో నిండిన నాసిరకం కెంపులో సీసం కలిసిన గాజును కరిగించి నింపితే రాయి ఎర్రగా, నిర్మలంగా కనిపిస్తుంది. అది జాతి కెంపే అని అమ్మిన మనిషి చెప్పిన మాటలో అబద్ధం వెతకడం కూడా కష్టమే. అయితే నిమ్మరసం తగిలినా, కంసాలి మంట దానికి సోకినా లోపలి గాజు తిని పోయి రాయి మీద తెల్లటి గీతలు తేలుతాయి. కాబట్టి విలువైన రంగురాయి కొనేటప్పుడు జి.ఐ.ఎ., ఐ.జి.ఐ., జైపూర్‌లోని ఐ.ఐ.జి.జె.-ఆర్.ఎల్.సి. (పూర్వపు జి.టి.ఎల్.) వంటి ప్రయోగశాల పత్రం అడగండి. ఆ పత్రంలో రాయి పేరు చూసి ఆగిపోకుండా, వేడి, నూనె, గాజు పూరకం గురించి రాసిన వరుసను చదవండి.

పాత నగలో ఎర్రగా ఉన్న ప్రతి రాయీ కెంపు కాదనీ గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ రాజకిరీటంలో శతాబ్దాల పాటు కెంపుగా పేరు మోసిన 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' నిజానికి స్పైనెల్ అనే వేరే రాయి. పుష్యరాగం పేరుతో సిట్రిన్ అమ్మడం మన బజార్లలోనూ ఉన్నదే. సిట్రిన్ స్ఫటికం జాతికి చెందినది కాబట్టి దాని అంచులు త్వరగా అరుగుతాయి.

నగ మీద ఉన్న హాల్‌మార్కు బంగారం గురించి మాత్రమే చెబుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణంలో అమ్మే హాల్‌మార్కు నగల మీద ఆరు అక్షరాంకెల హెచ్.యు.ఐ.డి. (ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తప్పనిసరి అయింది. రాయి నాణ్యతకు ఆ ముద్రతో సంబంధం లేదు, పైగా కుందన్, పోల్కీ, జడావు నగలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం బరువు మూడూ విడివిడిగా రాయించుకోండి. రాళ్లు తూచే క్యారెట్ 200 మిల్లీగ్రాముల బరువు. బంగారానికి చెప్పే 22 క్యారెట్లు స్వచ్ఛతకు గుర్తు. మాట ఒకటే కావడం వల్ల కొనుగోలుదారులు ఇక్కడ తరచూ తికమకపడతారు.

రాయిని ఇంట్లో కొరికి, ఆకురాయితో గీసి, నిప్పు మీద పెట్టి పరీక్షించడం దయచేసి మానేయండి. అసలైన రాయి పాడవుతుంది, నకిలీ సంగతి తేలదు. వజ్రాన్ని పరీక్షించే చిన్న పరికరాలు ఉష్ణ వాహకతను కొలుస్తాయి. వాటిలో మామూలు రకాలు వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే వేరే రాయిని కూడా వజ్రమని చూపిస్తాయి. ప్రయోగశాలలో పెంచిన వజ్రాన్ని గని వజ్రం నుంచి వేరు చేయడం కంటితోనూ భూతద్దంతోనూ అయ్యే పని కాదు. సంరక్షణ విషయంలో మాత్రం ఆ రెండింటికీ తేడా లేదు.

వజ్రం, పచ్చ

వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. ఈ గుణం ఆధారంగానే గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీదుగా నీటితో రాళ్లను పారించి వజ్రాలను పట్టేవారు. తల నూనె, నలుగుపిండి, ముఖానికి రాసే క్రీము అన్నీ ఏడు రాళ్ల దుద్దుల వెనుక పేరుకుని, లోపలికి వెళ్లిన కాంతి ప్రతిఫలించి తిరిగి పైకి రాకుండా చేస్తాయి. రవ్వలు వెలవెలబోయాయని బాధపడేవారిలో చాలామంది ముందు వైపు మాత్రమే తుడుస్తుంటారు. శుభ్రం చేయవలసింది వెనుక వైపు. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల తేలికపాటి ద్రవసబ్బు కలిపి, పది నిమిషాలు ఉంచి, పిల్లలు వాడే మెత్తని బ్రష్షుతో వెనుక నుంచి సుతారంగా తోమి, మంచినీటిలో ముంచి, నూలు పోగులు రాని గుడ్డ మీద ఆరబెడితే చాలు.

పాత రవ్వలను గోల్కొండ వజ్రాలని గర్వంగా చెప్పుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి. కృష్ణ ఒడ్డున పల్నాటి కొల్లూరు గని నుంచి ప్రపంచ ప్రఖ్యాత వజ్రాలు వచ్చిన మాట నిజం. అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో తొలకరి తర్వాత ఇప్పటికీ జనం రాళ్లు వెతుకుతారు. అయితే గోల్కొండకు పర్యాయపదంగా వాడే 'టైప్ 2ఎ' అనేది వజ్రంలోని రసాయనిక లక్షణం (నైట్రోజన్ దాదాపు లేకపోవడం) మాత్రమే. దక్షిణాఫ్రికాలో దొరికిన కల్లినన్ వజ్రం కూడా అదే రకం. ఆ పేరు మీద అదనపు ధర చెల్లించే ముందు ఈ తేడా తెలిసి ఉండాలి.

పచ్చ దగ్గర మరింత జాగ్రత్త అవసరం. దాదాపు ప్రతి పచ్చలోనూ పుట్టుకతో వచ్చిన సన్నని పగుళ్లు ఉంటాయి. అవి కనిపించకుండా దేవదారు నూనెనో రెజిన్‌నో పట్టించడం పాత పద్ధతి, అందరూ అంగీకరించేదే. మా ఇంట్లో రెండు తరాలుగా వస్తున్న పచ్చ ఉంగరాన్ని ఒకసారి మెరుగు పెట్టడానికి దుకాణంలో ఇస్తే, వాళ్లు మిగతా నగలతో పాటు దాన్నీ అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల ప్రకంపనలతో కడిగే) యంత్రంలో వేశారు. తిరిగి వచ్చిన రాయిలో రంగు పాలిపోయి, నడుమ పొగ పట్టినట్టు చారలు కనిపించాయి. రాయి మారలేదు, విరగలేదు, నూనె పోయింది. అనుభవం ఉన్న మరొక పనివాడు మళ్లీ నూనె పట్టించి ఇచ్చాడు, కానీ ఆ నాలుగు వారాల దిగులు నాకు ఇప్పటికీ గుర్తే. పచ్చ ఉన్న నగను దుకాణంలో ఇచ్చేటప్పుడు అల్ట్రాసోనిక్, ఆవిరి రెండూ వద్దని రసీదు మీదే రాయించండి. ఇంట్లో అయితే తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. వేడినీరు, నానబెట్టడం దానికి పనికిరావు.

ముత్యం, పగడం

నగల్లో అన్నిటికన్నా సున్నితమైనది ముత్యం. హైదరాబాదులో చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ దుకాణాల వల్ల, భద్రాద్రి సీతారామ కల్యాణంలోని ముత్యాల తలంబ్రాల వల్ల ముత్యం మనకు ఆత్మీయమైనది. ఆత్మీయత ఉన్నంతగా దాని గురించి ఎరుక లేదనిపిస్తుంది. ముత్యం ఆల్చిప్పలో పెరిగే పదార్థం: అతి పలుచని కాల్షియం కార్బొనేట్ పొరలు, వాటిని అతికించే సేంద్రియ పదార్థం, కొద్దిగా నీరు. ఆ పొరల మీద కాంతి ఆడటమే దాని తేజం. కాల్షియం కార్బొనేట్ ఆమ్లంలో కరుగుతుంది కాబట్టి చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ తగలనివ్వకూడదు, ఆమ్ల గుణం కొంత ఉన్న కుంకుడు రసం సైతం వద్దు. చెమట, సెంటు, హెయిర్ స్ప్రే మెల్లగా అదే పని చేస్తాయి. అందుకే అలంకరణ అంతా అయ్యాక చివరగా ముత్యాలు వేసుకోవాలి, ఇంటికి రాగానే మొదట వాటినే తీయాలి. తీసిన వెంటనే మంచినీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో ఒక్కొక్క ముత్యాన్నీ తుడిచి, గాలికి ఆరనివ్వాలి.

దండను నీళ్లలో ముంచితే పట్టుదారం సాగుతుంది, రంధ్రాల్లో తేమ, మురికి నిలుస్తాయి. కొక్కేనికి వేలాడదీసినా దారం సాగుతుంది కనుక పడుకోబెట్టి దాచాలి. తరచూ వేసుకునే దండను ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొత్త దారంతో గుచ్చించండి. ముత్యానికీ ముత్యానికీ నడుమ ముడి వేయమని అడగండి. తెగినప్పుడు ఒకటే జారిపోతుంది, తక్కినవి నిలుస్తాయి. గుట్టపూసల హారంలో సన్నని ముత్యాలు తీగకు గుచ్చి ఉంటాయి కాబట్టి గుడ్డ తగులుకోకుండా, తడి చేసిన మెత్తని కుంచెతో అద్దడం మేలు. ఎక్కువ పొడిగా ఉండే చోట ఏళ్ల తరబడి మూసి ఉంచితే ముత్యం లోపలి తేమ పోయి పగుళ్లు రావచ్చు. ప్లాస్టిక్ సంచిలో కాక నూలు గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు బయటికి తీసి వేసుకుంటూ ఉండండి.

మన తాతమ్మల పెట్టెల్లోని బస్రా ముత్యాలు పర్షియన్ గల్ఫ్‌లో సహజంగా దొరికినవి. ఇప్పుడు హైదరాబాదులో అమ్మే వాటిలో అధిక భాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి. పెంచినది నకిలీ అని అనుకోవడం పొరపాటు, అదీ ముత్యమే. నకిలీని గుర్తించాలంటే రంధ్రం దగ్గర భూతద్దంతో చూడండి: గాజు పూస మీద పూసిన పూత అక్కడ పెచ్చులూడుతూ కనిపిస్తుంది.

పగడానికీ ఇవే నియమాలు, అదీ కాల్షియం కార్బొనేటే. రంగు వేసిన పగడం చెమటకు వెలుస్తుంది కూడా.

పొదిగిన తీరు

రాయి వెనుక వైపు తెరిచి ఉంటే నీరు లోపలికి వెళ్లి బయటికి వస్తుంది. కుందనం పనిలో, పాత కెంపుల నగల్లో వెనుక మూసి ఉంటుంది. రాయి కింద మెరిసే రేకు, లోపల లక్క ఉంటాయి. నీరు దిగితే రేకు నల్లబడుతుంది, వేడి తగిలితే లక్క మెత్తబడి రాళ్లు కదులుతాయి. వీటిని నీటికి, డ్రయ్యర్‌కు, ఎండకు దూరంగా ఉంచి, పొడి కుంచెతో దుమ్ము దులపాలి. ఏ నగకైనా మరమ్మతు చేయించేటప్పుడు, టంకం పెట్టే ముందు పచ్చలు, ముత్యాలు, పగడాలు తీసేస్తారా అని అడిగి నిర్ధారించుకోండి.

రాయిని పట్టి ఉంచే కొక్కెం లేచిందని చీర కొంగు ముందే చెబుతుంది: ఉంగరం మాటిమాటికీ దారాలు లాగుతుంటే దాన్ని వెంటనే తీసి దాచండి. నగను చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపితే వదులైన రాయి చప్పుడు చేస్తుంది. ఈతకొలనులోని క్లోరిన్, బాత్రూము శుభ్రం చేసే బ్లీచింగ్ ద్రవాలు బంగారంలో కలిసిన లోహాలను తింటాయి, ముఖ్యంగా తెల్ల బంగారం కొక్కేలు పెళుసెక్కి విరుగుతాయి.

రాయి ఊడితే సూపర్ గ్లూతో అతికించవద్దు. ఆ జిగురును తీయడానికి వాడే ద్రవాలు ముత్యాన్ని, నూనె పట్టించిన పచ్చను పాడు చేస్తాయి. ఊడిన రాయిని కాగితంలో మడిచి, ఏ నగదో పైన రాసి, నగతో పాటే ఉంచండి. సింకు దగ్గర నగలు కడిగే అలవాటు ఉంటే నీళ్ల కన్నం మూసి, కింద తువ్వాలు పరచి, ఆ తర్వాతే కుళాయి తిప్పండి.