స్వీడన్ స్కేటర్ కెరీర్‌ని లాంగ్ నోటుబుక్కులో రాసుకోవడం ఎలా

నేను కావలిలో పీఈటీని. ఖోఖో, కబడ్డీ, లాంగ్ జంప్ షీట్లు రాసీ రాసీ, టీవీలో ఏ ఆట వచ్చినా ముందు స్కోరు షీటు ఎక్కడుందా అని వెతకడం అలవాటైపోయింది. ఫిగర్ స్కేటింగ్‌లో ఆ షీటు అందరికీ దొరుకుతుంది. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ ప్రతి పెద్ద పోటీ అయ్యాక జడ్జిల మార్కులతో సహా ఫలితాల పేజీలో పెట్టేస్తుంది. మా వైపు ఐస్ అంటే రొయ్యల బాక్సుల్లో వేసే గడ్డే. అయినా షీటు చదవడానికి ఐస్ మీద నిలబడక్కర్లేదు కదా.

ముందు మనిషిని ఎంచుకోండి. ఎప్పుడూ గెలిచేవాళ్లని తీసుకుంటే నోటుబుక్కులో రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. నేను విక్టోరియా హెల్గెసన్‌ని తీసుకున్నాను. స్వీడన్ అమ్మాయి, 1988లో పుట్టింది. 2011 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఒంటారియోలో జరిగిన స్కేట్ అమెరికా పోటీలో ఎలిస్సా సిజ్నీ, కరోలినా కాస్ట్నర్‌ల తర్వాత మూడో స్థానం కొట్టింది. స్కేట్ అమెరికా లాంటివి వరుసగా జరిగే గ్రాండ్ ప్రి పోటీల్లో స్వీడన్ మహిళకు వచ్చిన మొదటి పతకం అది. పతకాల పట్టిక చూస్తే ఆవిడ గురించి ఈ ఒక్క ముక్కే కనబడుతుంది. మిగతా కెరీరంతా షీట్లలో ఉంది.

లాంగ్ నోటుబుక్కులో సీజన్‌కి రెండు పేజీలు వదలండి. స్కేటింగ్ సీజన్ మన బడి సంవత్సరంలాగే క్యాలెండర్‌ని పట్టించుకోదు, జూలై 1న మొదలై వచ్చే జూన్ ఆఖరుకి ముగుస్తుంది. అందుకే 2011 అని కాదు, 2011-12 అని రాయాలి. అక్టోబరు, నవంబరుల్లో గ్రాండ్ ప్రి పోటీలు. డిసెంబరులో స్వీడన్ జాతీయ పోటీ, జనవరిలో యూరోపియన్, మార్చిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. జాతీయ పోటీ స్కోరుని వేరే రంగు ఇంకుతో రాయండి. సొంత ఊళ్లో జడ్జిలు చెయ్యి కాస్త ధారాళంగానే విదిలిస్తారు (ఇది మా జోనల్ మీట్లలోనూ చూస్తుంటాను, ఎవరివని చెప్పను). అందుకే వాటిని అధికారిక వ్యక్తిగత రికార్డుకి లెక్కలోకి తీసుకోరు.

లైవ్ చూడాలనుకుంటే టైము లెక్క చూసుకోండి. చలికాలంలో స్టాక్‌హోంలో సాయంత్రం 7 అయితే మనకు రాత్రి 11.30. తెల్లారి బడి ఉన్నవాళ్లు ఫలితాల షీటుతో సరిపెట్టుకోవడం మంచిది. నేనైతే అదే చేస్తాను.

ఇక షీటు. దీని దగ్గర తొందరపడకండి. ఒక్కో వరుస ఒక్కో అంశం, అంటే ఒక జంపో, స్పిన్నో (ఒకేచోట గిరగిరా తిరగడం), స్టెప్ సీక్వెన్సో (అడుగుల వరుస). ముందు అంశం పేరు పొట్టి అక్షరాల్లో, తర్వాత దాని మూల విలువ, ఆ తర్వాత తొమ్మిది మంది జడ్జిల అంకెలు, చివర ఆ వరుసకు వచ్చిన మొత్తం. ఇప్పటి పట్టికలో ట్రిపుల్ లట్జ్ (లట్జ్ అనే రకం జంప్‌ని గాలిలో మూడు చుట్లతో చేయడం) మూల విలువ 5.90. ఎంత బాగా చేసిందో చెప్పడానికి జడ్జిలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఇస్తారు. ఒక్కో అంకెకు మూల విలువలో పదో వంతు కలుస్తుంది, మైనస్ అయితే పోతుంది. ఒక వరుసలో 2, 2, 1, 2, 3, 1, 2, 2, 1 ఉన్నాయనుకోండి. అన్నిటికన్నా పెద్దది ఒకటి, చిన్నది ఒకటి కొట్టేయాలి. 3 పోయింది, ఒక 1 పోయింది. మిగిలిన ఏడూ కూడితే 12. ఏడుతో భాగిస్తే దాదాపు 1.71. ఆ లెక్కన 5.90కి 1.01 కలిసి, ఆ జంప్‌కి 6.91 వస్తుంది. ఇది పెన్నుతో ఒక్కసారి చేసి చూడండి, తర్వాత షీటు మొత్తం దానంతటదే అర్థమవుతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలు సగటు లెక్కల పుస్తకంలో కన్నా దీంట్లోనే త్వరగా పట్టేశారు.

వాళ్లే ఒకరోజు, "ఏంది మేడమ్ ఇది, కిందపడ్డ అమ్మాయికి మార్కులు ఎక్కువ, నిలబడ్డ అమ్మాయికి తక్కువా?" అని గొడవకొచ్చారు. నిజమే, అలా జరుగుతుంది. ట్రిపుల్ లట్జ్‌లో గాలిలో మూడు చుట్లూ పూర్తిగా తిరిగి కిందపడితే, జడ్జిలందరూ మైనస్ 5 వేసినా 2.95 మిగులుతుంది. పడినందుకు విడిగా 1 పోతుంది. ఇంకో అమ్మాయి భయపడి గాలిలోనే చేతులు విప్పేసి ఒక్క చుట్టుతో చక్కగా దిగితే అది సింగిల్ లట్జ్, మూల విలువ 0.60 మాత్రమే. అదే షార్ట్ ప్రోగ్రాంలో (పోటీలో ముందు జరిగే చిన్న ప్రదర్శన), తప్పనిసరిగా ట్రిపుల్ ఉండాల్సిన చోట ఇలా జరిగితే పక్కన నక్షత్రం గుర్తు పడి సున్నా వస్తుంది. పడటం కన్నా విప్పేయడమే ఖరీదు. అందుకే నోటుబుక్కులో "పడింది" అని ఒక గడి, "విప్పేసింది" అని పక్కన ఇంకో గడి పెట్టుకోండి. రెండు మూడు సీజన్లు నింపాక, ఆ స్కేటర్‌కి టెన్షన్ ఏ జంప్ దగ్గర వస్తోందో మీకే కనబడుతుంది. కామెంటరీ వాళ్లు అది చెప్పరు.

అంశం పక్కన ఎడమవైపు మొన తిరిగిన బాణం గుర్తు ఒకటి ఉంటే చుట్టు కాస్త తగ్గిందని, రెండుంటే బాగా తగ్గిందని అర్థం. ఒక బాణానికి ఇప్పుడు మూల విలువలో 80 శాతమే ఇస్తారు.

పాత షీటునీ కొత్త షీటునీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. 2018-19 నుంచే ఈ ప్లస్ 5 పద్ధతి, అంతకుముందు ప్లస్ 3 దాకానే. విక్టోరియా కాలంలో ట్రిపుల్ లట్జ్ 6.00 ఉండేది. 2022-23 నుంచి కళకు ఇచ్చే మార్కులు ఐదు విభాగాల నుంచి మూడుకి తగ్గాయి. పైగా 2016కు ముందు షీట్లలో ఏ గడి ఏ జడ్జిదో తెలియనిచ్చేవారు కాదు. అందుకని 2018 దగ్గరా 2022 దగ్గరా నోటుబుక్కులో అడ్డంగా ఎర్రగీత గీసేయండి. గీత దాటి మొత్తం స్కోర్లు పోల్చకూడదు, స్థానాలనే పోల్చాలి.

స్థానాల సంగతికొస్తే మాగ్డా యూలిన్‌కి ఒక పేజీ ఇవ్వాల్సిందే. 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో స్వీడన్‌కి స్వర్ణం తెచ్చింది, అదీ గర్భవతిగా ఉండి. అప్పుడు జడ్జిలు ఇచ్చిన వరుస స్థానాలతోనే ఫలితం తేలేది. ఒక్క జడ్జి కూడా ఆవిడకు మొదటి స్థానం ఇవ్వలేదు! మొదటి స్థానాలు మిగతావాళ్ల మధ్య చీలిపోయాయి, రెండో స్థానాలు ఈవిడకు కలిసొచ్చాయి. రజతం కూడా స్వీడన్‌దే, స్వియా నోరెన్‌ది.

విక్టోరియా చెల్లెలు జోషీ హెల్గెసన్‌కి మాత్రం పక్క పేజీ సరిపోతుంది. 2015 జనవరిలో సొంత దేశంలో, స్టాక్‌హోంలో జరిగిన యూరోపియన్‌లో నాలుగో స్థానం. పైన ముగ్గురూ రష్యా వాళ్లే. పేపర్లలో నాలుగో స్థానానికి ఫోటో పడదు. కానీ స్వీడన్ లాంటి దేశానికి పతకం కన్నా ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి దేశం తరఫున ఒక్క అమ్మాయే వెళ్లి మూడు నుంచి పది లోపు స్థానంలో నిలిస్తే, వచ్చే ఏడు ఆ దేశానికి రెండు బెర్తులు, అంటే ఇద్దరు వెళ్లొచ్చు. మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే మూడు. పదకొండో స్థానమైతే ఒక్కటే. అంటే ఒక అమ్మాయి పదో స్థానం ఇంకో అమ్మాయికి టికెట్టు. సీజన్ పేజీలో చివరి గడి దానికే ఉంచండి: "వచ్చే ఏడు ఎన్ని బెర్తులు?" అందులో రాసే అంకె ఒకటో రెండో, మహా అయితే మూడో, అంతే. అది మార్చి నెలాఖరుకి తేలుతుంది.