బాయిలింగ్ పాయింట్ ఏది ఎక్కువో బట్టీ పట్టకుండా చెప్పడం ఎలా

పీయూసీ చదివే మా అక్క కూతురు బాయిలింగ్ పాయింట్ల టేబుల్ మొత్తం బట్టీ పడుతుంటే చూళ్ళేక రాస్తున్నా, నిజంగా అంత అవసరం లేదు.

ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. నీళ్ళు మరిగితే హైడ్రోజనూ ఆక్సిజనూ విడిపోవు, ఆవిరి కూడా నీళ్ళే. మాలిక్యూల్ లోపలి బాండ్ అలాగే ఉంటుంది, వదిలేది పక్కపక్క మాలిక్యూల్స్ మధ్య పట్టు, ఆ పట్టు ఎంత గట్టిదో చూడటమే మన పని.

రెండు పదార్థాలిస్తే మొదట మాలిక్యులర్ మాస్ చూడండి. దగ్గరదగ్గరగా ఉంటే ఇంక మాస్ వదిలేసి, హైడ్రోజన్ నేరుగా నైట్రోజన్‌కో ఆక్సిజన్‌కో ఫ్లోరిన్‌కో అతుక్కుని ఉందా అని వెతకండి. డైమిథైల్ ఈథర్, ఇథనాల్ రెండింటిదీ 46, ఆటమ్స్ కూడా అవే, అన్నే. అయినా ఈథర్ మైనస్ 24 డిగ్రీలకే మరుగుతుంది, ఇథనాల్‌కి 78 కావాలి! ఈథర్‌లో ఆక్సిజన్ రెండు కార్బన్ల మధ్య ఉంటుంది, ఇథనాల్‌లో దానికో హైడ్రోజన్ ఉంది కాబట్టి అది పక్క మాలిక్యూల్ ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, అదే హైడ్రోజన్ బాండ్.

అది లేకపోతే డైపోల్ ఉందా చూడండి, అంటే మాలిక్యూల్‌లో ఒక వైపు కాస్త ప్లస్, ఇంకో వైపు కాస్త మైనస్ ఛార్జ్ ఉండటం. అదీ లేకపోతే మిగిలేది లండన్ ఫోర్సెస్, అంటే ఎలక్ట్రాన్లు అటూఇటూ కదలడం వల్ల క్షణకాలం పుట్టే పట్టు. వీటిని వీక్ అని తీసిపారేయకండి, క్లోరిన్ మైనస్ 34, బ్రోమిన్ 59, అయోడిన్ 184, ఎలక్ట్రాన్లు పెరిగేకొద్దీ ఎలా ఎక్కిందో చూడండి. ఆకారం కూడా ముఖ్యమే, పొడుగ్గా ఉండే పెంటేన్ 36కి మరిగితే బంతిలా ఉండే నియోపెంటేన్ 10 లోపే మరుగుతుంది, ఒకదానికొకటి ఆనే చోటు తక్కువ కదా.

మెల్టింగ్ పాయింట్ దగ్గర మాత్రం జాగ్రత్త, పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. అదే నియోపెంటేన్ మైనస్ 17కి కరుగుతుంది, పెంటేన్ మైనస్ 130కి, అంటే వరస తిరగబడింది! గడ్డగా ఉన్నప్పుడు మాలిక్యూల్స్ ఎంత చక్కగా పేర్చుకుంటాయన్నది ఇక్కడ లెక్క, బంతులు బాగా పేరుతాయి.

ఇది ఇంట్లోనే చూపించొచ్చు. డిసెంబర్‌లో మా బెంగళూరు వంటింట్లో పొద్దున్నే కొబ్బరినూనె సీసా తలకిందులుగా పట్టుకున్నా చుక్క రాదు, తెల్లగా గడ్డ, పక్కనే వేరుశనగ నూనె మామూలుగా జారుతుంటుంది. కొబ్బరినూనె మాలిక్యూల్స్‌లో కార్బన్ గొలుసులు చాలావరకు తిన్నగా ఉంటాయి, దగ్గరగా పేరుకుంటాయి, వేరుశనగ నూనెలో డబుల్ బాండ్ దగ్గర వంపు ఉంటుంది, పేరడం కుదరదు. చెన్నైలో ఉన్నవాళ్ళు సీసాని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి చూపించండి, 24 డిగ్రీల కిందికి వెళ్తే చాలు.