స్పీకర్ల పెట్టె మీద చూడాల్సిన అంకె

హనుమకొండ నుంచి కాజీపేట చేరేలోపే నాలుగుసార్లు శబ్దం పెంచాలి, పెంచితే పాట బొంగురుపోతుంది. మా పాత కారులో ఇదే గోల. స్పీకర్లు మారిస్తే, యాంప్లిఫయర్ కొనకుండానే తీరింది.

కాంపోనెంట్ స్పీకర్ల (బరువైన స్వరాలకూ సన్నని స్వరాలకూ వేర్వేరు స్పీకర్లుండేవి) పెట్టె మీద పెద్దగా అచ్చేసే 300 వాట్లను నమ్మకండి, అది క్షణకాలపు గరిష్ఠం. చిన్న అక్షరాల్లో ఉండే సెన్సిటివిటీ, అంటే 1 వాటుకు ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకె, చూడండి. 90 డెసిబెల్స్, ఆపైన ఉన్నవి తీసుకోండి. 3 డెసిబెల్స్ ఎక్కువైతే సగం వాట్లకే అంత శబ్దం వస్తుంది. కారుతో వచ్చిన స్టీరియోకు కావలసింది అదే. ముందు తలుపులకు ఒక జత చాలు. వెనకవి ఎవరు వింటారు, మా పిల్లలు ఎలాగూ నిద్రపోతారు. కొనేముందు అద్దం పూర్తిగా దించి తలుపు లోపలి లోతు కొలవండి.

ఒక జాగ్రత్త: అంకె పక్కన 1 వాటు బదులు 2.83 వోల్టులని ఉంటే, 4 ఓమ్‌ల స్పీకరుకు 3 డెసిబెల్స్ తగ్గించి లెక్కవేయండి.