కరువులో ఉన్న విదేశీ సంఘానికి సాయం: చందా కన్నా ముందు పంపే దారి

2024లో కరువు దెబ్బకు జాంబియా, మలావీ, జింబాబ్వే మూడూ విపత్తు ప్రకటించాయి. అలాంటి చోట మీ చర్చికి భాగస్వామ్య క్రైస్తవ సంఘం ఉంటే గుంటూరులోనైనా విజయవాడలోనైనా ఆదివారం ఒక్క ప్రకటన చాలు, డబ్బు వస్తుంది. చిక్కంతా దాన్ని దేశం దాటించడంలోనే. అందుకని పంపే దారి తేలేవరకు చందా పుస్తకం తెరవకండి.

మొదట మీ పై కార్యాలయాన్ని అడగండి. లూథరన్లకు గుంటూరులోనే ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి, అంటే ఏఈఎల్‌సీ కేంద్రం ఉంది. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లయితే కృష్ణా గోదావరి డయాసిస్‌కు, కేథలిక్కులైతే బిషప్ కార్యాలయానికి వెళ్లండి. అడగాల్సినవి రెండే: విదేశాల్లో ఖర్చు పెట్టడానికి మీ సభ పేరున రిజిస్టరైన సొసైటీకి ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి ఉందా? ఆ ఖాతా నుంచి పంపడానికి బ్యాంకు ఒప్పుకుంటుందా? ఆ అనుమతి లేకుండా పంపితే ఆ మొత్తానికి పన్ను మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. ఈ మాట ఆడిటర్ చేత ముందే చెప్పించండి, మార్చి నెలాఖరున కాదు.

పై నుంచి దారి లేకపోతే ఇవ్వదలచినవాళ్లు ఎవరికి వారే తమ ఖాతాల నుంచి పంపాలి. వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి ఆర్బీఐ పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక్కో వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు. పాన్ కార్డు, ఏ2 ఫారం (విదేశాలకు పంపే డబ్బుకు బ్యాంకులో ఇచ్చే దరఖాస్తు) కావాలి. విదేశీ మత, ధార్మిక సంస్థలకిచ్చే విరాళానికి పర్పస్ కోడ్ (ఎందుకు పంపుతున్నారో చెప్పే సంకేతం) ఎస్1303. ఒకరు ఏడాదిలో పంపింది 10 లక్షలు దాటితే దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. ఇలా నేరుగా పంపినదానికి ఇక్కడ పన్ను మినహాయింపు రాదు. ఆ సంగతి ముందే చెప్పేయండి.

ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. కానుకలన్నీ పోగుచేసి ఒక పెద్దాయన ఖాతాలో వేసి, ఆయన పేరుతో పంపేస్తారు. ఏ2తో పాటు ఇచ్చే డిక్లరేషన్‌లో "ఈ డబ్బు నా సొంతం" అని ఆయన సంతకం చేయాలి. అది అబద్ధం అవుతుంది. రేపు ఇన్‌కమ్‌ట్యాక్స్ నోటీసు వస్తే ఆ మనిషి ఒక్కడే నిలబడాలి, సంఘం కాదు.

ఎవరి పౌరసత్వం ఏదో చూడకుండా అమెరికా బంధువుల డబ్బు మీ సంఘం ఖాతాలోకి రానివ్వకండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ సొంత సంపాదన ఇస్తే విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవాళ్లు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, ఇస్తే విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ వర్తిస్తుంది. వాళ్లను అక్కడి నుంచే నేరుగా ఆ సంఘానికి పంపమనండి. పనీ సులువు, ఖర్చూ తక్కువ.

అవతలి ఖాతా సంఘం పేరునో సినడ్ (సంఘాల పై సభ) పేరునో ఉండాలి, పాస్టర్ గారి సొంత పేరున వద్దు. ఖాతా పేరు అక్షరం పొల్లు పోకుండా, స్విఫ్ట్ కోడ్ (విదేశీ బదిలీల్లో బ్యాంకును గుర్తించే సంకేతం), బ్యాంకు చిరునామా, మధ్యవర్తి బ్యాంకు వివరం లెటర్‌హెడ్ మీద తెప్పించుకోండి. పేరు సరిపోలకపోతే డబ్బు తిరిగొస్తుంది, రెండు వైపులా చార్జీలు పోతాయి. "మా ఖాతా మారింది" అని మెయిల్ వస్తే పాత నంబరుకు వీడియో కాల్ చేసి, తెలిసిన ముఖం చూశాకే నమ్మండి.

బియ్యం, బట్టలు పంపుదామని ఎవరో ఒకరు లేస్తారు. ఉదాహరణకు మలావీకి సముద్రతీరం లేదు. ఓడ దిగిన సరుకు మొజాంబిక్ మీదుగానో టాంజానియా మీదుగానో లారీల్లో పోవాలి. పైగా వాళ్లు తినేది న్సిమా, తెల్ల మొక్కజొన్న పిండితో మన సంకటిలా వండేది. మన దగ్గర కోళ్ల దాణాకు పోయే పచ్చ గింజ కాదు. డబ్బు పంపితే పక్క జిల్లాలో వాళ్లే కొనుక్కుంటారు.

లెక్క ఇలా కట్టండి. అయిదుగురున్న ఇంటికి నెలకు 50 కిలోల బస్తా అంటే మనిషికి రోజుకు సుమారు 330 గ్రాములు. బస్తా ధర, పప్పు, నూనె, రవాణా వాళ్లను అడిగి, ఇళ్ల సంఖ్యతోనూ నెలలతోనూ హెచ్చించండి. అక్కడ వానలు నవంబరులో మొదలవుతాయి, కోత ఏప్రిల్, మే నెలల్లో. జనవరి, ఫిబ్రవరి గడ్డుకాలం, ధర మండిపోయేదీ అప్పుడే. క్రిస్మస్ కానుకలు పోగయ్యాక పంపితే అదే డబ్బుకు బస్తాలు తగ్గుతాయి, విత్తనాల అదునూ దాటిపోతుంది. సెప్టెంబరుకల్లా చేరాలి. అంటే ఇక్కడ శ్రమదినాల్లోనే, ఈస్టరుకు ముందు ఉపవాస కాలంలోనే, మొదలుపెట్టడం మేలు. ఉపవాసం రోజు మిగిలిన భోజనం ఖర్చు కవరులో వేయమంటే ఎవరికీ భారం కాదు.

స్త్రీల సమాజం ఇంటింటా రోజూ పిడికెడు బియ్యం తీసిపెట్టిస్తే 60 ఇళ్ల నుంచి నెలకు 80 కిలోలు దాకా వస్తుంది. సన్నాలు, దొడ్డురకం వేరు డబ్బాల్లో పోయించండి, కలిస్తే కొట్టువాడు ధర కోసేస్తాడు. రేషన్ బియ్యం మాత్రం తీసుకోవద్దు, అమ్మితే కేసు. నెలనెలా అమ్మేయండి, ఆగితే పురుగు. కోతల పండుగకు చర్చికి తెచ్చిన కానుకల వేలంలో సొరకాయ రెండు వేలు పలుకుతుంది గానీ వేలం పాడినవాళ్లందరూ కట్టరు. అక్కడికక్కడే పేరు, మొత్తం రాసి, చేతికొచ్చిన డబ్బునే లెక్కలో చూపండి. ఇచ్చినవాళ్ల మొత్తాలు మైకులో చదవొద్దు, పది రూపాయలిచ్చే ముసలామె మరుసటి వారం రాదు.

నగదు అదే పూట, బంధుత్వం లేని ఇద్దరు లెక్కించి, నోట్ల చీటీ మీద సంతకాలు చేసి, సోమవారం బ్యాంకులో వేయాలి. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో చందా మోయడానికి తోడు మనుషుల్ని పెట్టుకున్నది నింద రాకూడదనే.

విడతలు తగ్గించండి, ప్రతి బదిలీకీ బ్యాంకు చార్జీ ఉంటుంది. పంపేటప్పుడు చార్జీలన్నీ మీవే అని ఫారంలో గుర్తు పెట్టించండి. చేరాక వాళ్ల ఖాతాలో పడిన క్వాచా (మలావీ, జాంబియాల కరెన్సీ) మొత్తం, మొక్కజొన్న బిల్లు, సంతకాలో వేలిముద్రలో ఉన్న పంపిణీ జాబితా తెప్పించండి. ఆకలితో ఉన్న పిల్లల ఫొటోలు అడగొద్దు. పంపిన రూపాయలు, కోతపడిన చార్జీలు, చేరిన క్వాచా మూడూ నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆలస్యంగా వచ్చిన కానుకల్ని సంఘం జనరల్ ఫండ్‌లో కలపకుండా వచ్చే ఏడాది విత్తనాల పేరున విడిగా ఉంచి, ఆ మేరకు కమిటీ తీర్మానం రాయించుకోండి.