ఇంటి రికార్డింగులో చిటపటలు, ఆలస్యం, హోరు: కొత్త కంప్యూటర్ కొనే ముందు చూడవలసినవి

"పాటల రికార్డింగుకు ఏ లాప్‌టాప్ కొనమంటారు?" అని అడిగేవారిలో చాలామంది దగ్గర అప్పటికే ఒక లాప్‌టాప్ ఉంటుంది. దానిలో ఏదో ఇబ్బంది వచ్చి, అది చాలదని తమంతట తామే తీర్పు చెప్పుకున్న తరువాత ఆ ప్రశ్న వేస్తారు. ఆ ఇబ్బంది ఏమిటో విడమరచి చెప్పించుకుంటే, సగానికి పైగా సందర్భాల్లో డబ్బు ఖర్చు లేకుండానే పని జరిగిపోతుంది. మైకును, ఆడియో ఇంటర్‌ఫేస్‌ను తగిలించుకోవడం, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ తెరిచి పాడుకోవడం వచ్చినవారిని ఉద్దేశించి, ముఖ్యంగా విండోస్ యంత్రాల గురించి ఇది రాస్తున్నాను.

లక్షణం: పాడిన మాట హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినిపిస్తోంది

సాఫ్ట్‌వేర్‌లోని ఆడియో సెట్టింగులు తెరిచి, అక్కడ ఏ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) ఎంపికై ఉందో మొదట చూడండి. ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏఎస్‌ఐఓ డ్రైవర్ ఉండవలసిన చోట విండోస్ సాధారణ డ్రైవర్ ఉంటే, ఎంత ఖరీదైన ప్రాసెసర్ పెట్టినా ఆలస్యం పోదు. విండోస్ సొంత మిక్సర్‌ను పక్కనపెట్టి సాఫ్ట్‌వేర్ నేరుగా ఇంటర్‌ఫేస్‌తో పనిచేయాలనే ఉద్దేశంతోనే స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో ఏఎస్‌ఐఓను తెచ్చింది. ఈ ఒక్క గడి చూసుకోకుండా ర్యామ్ రెట్టింపు చేయించుకుని వచ్చినవారిని చూసి చూసి విసుగు పుట్టింది.

డ్రైవర్ సరిగానే ఉంటే బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో కూడబెట్టుకుని పంపే ధ్వని శాంపిళ్ల సంఖ్య, చూడాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3, 1024 అంటే 21.3. ధ్వని లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి వెళ్లేటప్పుడు మరొకసారి ఈ ఆలస్యం పడుతుంది కాబట్టి 1024 పెట్టుకుని పాడితే ఎవరికైనా తాళం తప్పుతుంది. పాడేటప్పుడు 128, మిక్సింగ్ చేసేటప్పుడు 1024 పెట్టుకోవడం సబబు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బొత్తాం (మైకు ధ్వనిని కంప్యూటర్‌కు వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌కు పంపేది) ఉంటే దాన్ని వాడుకుని, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేస్తే ఈ గొడవే ఉండదు.

లక్షణం: చిటపటలు, మధ్యమధ్యలో తెగిపోవడం

ముందుగా, ఆ చిటపట రికార్డయిన ఫైలులో ఉందా, వినేటప్పుడు మాత్రమే వస్తోందా అన్నది తేల్చుకోవాలి. అదే చోటును మళ్లీ మళ్లీ వినండి. ప్రతిసారీ అదే అక్షరం మీద వస్తే అది ఫైలులో ఉంది. చోటు మారుతూ ఉంటే అది ప్లేబ్యాక్ సమస్య. ఫైలులో ఉన్నదాన్ని బాగా దగ్గరికి జూమ్ చేసి చూస్తే, నున్నగా పైకీ కిందికీ పోతున్న గీత ఒకచోట హఠాత్తుగా నిలువుగా విరిగి, కొన్ని శాంపిళ్లు మింగేసి, వేరే ఎత్తు నుంచి మళ్లీ మొదలవుతుంది. పైభాగం నరికినట్లు చదునుగా కనిపిస్తే అది వేరే జబ్బు. మైకు గెయిన్ తగ్గించుకుంటే చాలు.

తరువాత కేబుల్‌ను, పోర్టును చూడాలి. పోర్టు నుంచే కరెంటు తీసుకునే ఇంటర్‌ఫేస్‌ను మౌసు, కీబోర్డు, పెన్‌డ్రైవ్ వేలాడుతున్న చవక హబ్‌కు తగిలించి, పైగా కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అడిగితే అది ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది? ప్రమాణాల ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, 3.0 పోర్టు ఇచ్చేది 900. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులు వదిలేసి వెనుక మదర్‌బోర్డు మీద ఉన్న పోర్టుకే తగిలించాలి. ఇవి చూసిన తరువాత బఫర్‌ను 512కు పెంచి చూడండి.

ఇవన్నీ సరిగా ఉండి, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం పది శాతం కూడా లేకపోయినా చిటపట ఆగలేదనుకోండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

ఒక కీబోర్డు వాద్యకారుడు ఆటలకు ఉద్దేశించిన ఖరీదైన లాప్‌టాప్ కొనుక్కున్నారు. ట్రాక్‌లు ఎన్ని ఉన్నా, చివరికి ఒక్క ట్రాక్ మాత్రమే ఉన్నా, కొన్ని సెకన్లకొకసారి "టిక్" మనేది. ర్యామ్ పెంచారు, ఎస్‌ఎస్‌డీ మార్చారు, ఆఖరుకు ఇంటర్‌ఫేస్ కూడా మార్చారు, టిక్కు టిక్కే. అంతకు ముందు వాడిన పాత డెస్క్‌టాప్‌లో మాత్రం ఆ ప్రాజెక్టే చక్కగా నడిచేది. దోషి వైఫై కార్డు డ్రైవర్.

విండోస్‌లో ఏదైనా పరికరం "నన్ను చూడు" అని సంకేతం పంపగానే ప్రాసెసర్ చేతిలో పని ఆపి దాన్ని చూస్తుంది. అత్యవసరమైన ముక్క అప్పటికప్పుడు పూర్తిచేసి, మిగిలిన పనిని డీపీసీ అనే వరుసలో పెడుతుంది. ఆ వరుసలోని పని ఒక కోర్ (ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే భాగం) మీద నడుస్తున్నంతసేపూ ఆ కోర్ మీద మామూలు ప్రోగ్రామేదీ, అది ఎంత ప్రాధాన్యం పెట్టుకున్నా సరే, కదలడానికి వీల్లేదు. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కూడా అంతే. చక్కగా రాసిన డ్రైవర్ ఈ పనిని మిల్లీసెకనులో చిన్న భాగంలో ముగిస్తుంది. సరిగా రాయని డ్రైవర్ మూడు మిల్లీసెకన్లు పట్టుకుని కూర్చుంటుంది. మీ బఫర్ 128 అయితే మీ చేతిలో ఉన్నది 2.7 మిల్లీసెకన్లే కాబట్టి గడువు దాటిపోతుంది, టిక్ మంటుంది. టాస్క్ మేనేజర్ చూపేది సగటు వాడకాన్ని; చదువులో అన్ని మార్కులూ బాగుండి ఒక్క పరీక్షకు హాజరు కాని విద్యార్థి సగటును చూసి మురిసిపోవడం లాంటిదే అది. ఆటలాడేవారికి రెండు మూడు మిల్లీసెకన్ల కుదుపు కంటికి ఆనదు కాబట్టి, ఆటల సమీక్షలు చదివి లాప్‌టాప్ ఎంచుకున్నవారికి ఈ దోషం కొనేదాకా తెలిసే దారి లేదు.

దీన్ని పట్టుకోవడానికి లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని నడిపి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా ప్రాజెక్టు మోగిస్తూ పదిహేను నిమిషాలు వదిలేయండి. రెండు నిమిషాలకే పచ్చ గీతలు చూసి "బాగుంది" అని మూసేసేవారు ఎక్కువ. కొన్ని డ్రైవర్లు తీరికగా, చాలాసేపటికొకసారి మాత్రమే అల్లరి చేస్తాయి. తరువాత డ్రైవర్ల పట్టికకు వెళ్లి, అత్యధిక సమయం తీసుకున్నది పైకి వచ్చేలా వరుస మార్చాలి. అంకెలు మిల్లీసెకన్లలోనో మైక్రోసెకన్లలోనో చూసుకోండి. వెయ్యి మైక్రోసెకన్లు ఒక మిల్లీసెకను. ఒక మిల్లీసెకను దాటిన పేరు ఏది కనబడినా దాన్ని అనుమానించాలి.

పైన ఎన్‌డీఐఎస్ పేరు ఉంటే అది నెట్‌వర్కు, అంటే దాదాపు ఎప్పుడూ వైఫై. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌ను డిజేబుల్ చేసి మళ్లీ పరీక్షించండి. టిక్కులు ఆగిపోతే, కార్డు తయారీదారు నుంచి కొత్త డ్రైవర్ వేసి చూడాలి. అదీ పనిచేయకపోతే రికార్డింగు సమయంలో వైఫైని ఆపుకోవడమే మార్గం. చాలా లాప్‌టాప్‌లలో ఆ కార్డును విప్పి వేరేది వేయించుకోవచ్చు, కొన్నిటిలో అది బోర్డుకే అతికి ఉంటుంది. ఏసీపీఐ పేరు ఉంటే అది తరచుగా బ్యాటరీ స్థితిని అడిగే వ్యవహారం. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీల కింద ఉండే మైక్రోసాఫ్ట్ ఏసీపీఐ బ్యాటరీ అన్నదాన్ని డిజేబుల్ చేస్తే సరిపోతుంది, కానీ అప్పుడు బ్యాటరీ శాతం కనబడదు, అయిపోవస్తోందన్న హెచ్చరికా రాదు; చార్జర్ పెట్టుకునే పనిచేయాలి, పని అయ్యాక మళ్లీ ఎనేబుల్ చేయాలి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు వస్తే దాని కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంటును గరిష్ఠ పనితీరుకు మార్చండి.

వీటితో పాటు విండోస్ పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చి, కరెంటు ఆదా కోసం పోర్టులను నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపేయాలి. డ్రైవర్లన్నీ శుభ్రంగా కనబడుతూ మొత్తం జాప్యం మాత్రం ఎక్కువగా ఉంటే, తప్పు మదర్‌బోర్డు మూల సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌లో ఉండవచ్చు. బయోస్ అప్‌డేట్‌తో పోకపోతే ఆ యంత్రం రికార్డింగుకు పనికిరాదనే అనుకోవాలి.

లక్షణం: ప్లగిన్లు పెంచేకొద్దీ మీటరు ఎర్రబడుతోంది

ట్రాక్ ధ్వనిని మార్చడానికి వేసే చిన్న సాఫ్ట్‌వేర్లే ప్లగిన్లు; అవి పెరిగేకొద్దీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ప్రాసెసర్ మీటరు ఎర్రబడితే, నిజంగా ప్రాసెసర్ చాలని సందర్భం ఇదే. ఒకే ట్రాక్ మీద వరుసగా పెట్టిన ప్లగిన్లు ఒకదాని తరువాత ఒకటి నడవాలి కాబట్టి, ఆ వరుస మొత్తం సాధారణంగా ఒక్క కోర్ మీదే పడుతుంది. అందుకే పదహారు కోర్లున్నా ఒక్కొక్క కోర్ నెమ్మదిగా ఉంటే, గాత్రం ట్రాక్ మీద వేసిన పెద్ద వరుస దగ్గర అది చతికిలబడుతుంది. కొనేటప్పుడు ఒంటి కోర్ వేగం చూడండి. ఈలోగా, పూర్తయిన ట్రాక్‌లను ఫ్రీజ్ చేసుకోండి, అంటే ప్లగిన్ల ప్రభావంతో సహా మామూలు ఆడియోగా మార్చి పెట్టుకోండి.

డిస్కు గురించి అనవసరంగా కంగారు పడతారు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ నిమిషానికి 8.64 మెగాబైట్లు తీసుకుంటుంది; పదహారు ట్రాక్‌లు ఒకేసారి రికార్డు చేసినా సెకనుకు 2.3 మెగాబైట్లే. పాత తిరిగే డిస్కు కూడా దీన్ని మోస్తుంది. ఎస్‌ఎస్‌డీ అవసరం వీణ, వయొలిన్ల వంటి శాంపిల్ లైబ్రరీలు త్వరగా తెరుచుకోవడానికి. గాత్రానికి, తబలాకు, రెండు మూడు కీబోర్డు వరసలకు 16 జీబీ ర్యామ్ సరిపోతుంది. ఆర్కెస్ట్రా లైబ్రరీలు వాడేవారు 32 తీసుకోవాలి.

లక్షణం: చార్జర్ పెట్టగానే గుయ్యిమనే హోరు

చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. హోరు పోతే అది విద్యుత్ మార్గం నుంచి వచ్చేదే: మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి ఆ స్థాయిలోనూ దాని గుణిజాల్లోనూ వినబడుతుంది, లేదా మౌసు కదిపినప్పుడల్లా సన్నని కీచు వస్తుంది. ఇంటర్‌ఫేస్‌కు తగిలించిన స్పీకర్లు, కీబోర్డు, లాప్‌టాప్ అన్నిటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి కరెంటు ఇవ్వండి. దారిలో చేరే హోరును రద్దుచేసే బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడండి. కీబోర్డును డీఐ బాక్సు (వాద్యం సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్‌గా మార్చే చిన్న పెట్టె) ద్వారా తీసుకోండి. హోరు పోతుంది కదా అని ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. లాప్‌టాప్ లోహపు మూత మీద చేయి పెడితే చిమచిమలాడుతుంటే ఇంటి ఎర్తింగును ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. కరెంటు పోయినప్పుడే హోరు వస్తే మీది నున్నటి అల కాకుండా మెట్లలా కరెంటు ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కావచ్చు.

లక్షణం: మొదట బాగుండి, అరగంట తరువాత చెడిపోవడం

ఎండాకాలంలో ఇది మన దగ్గర మామూలే. మైకులోకి చప్పుడు రాకూడదని ఏసీ, ఫ్యాను ఆపేసి తలుపులు మూస్తాం. మే నెలలో విజయవాడలో ఆ గది ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. లాప్‌టాప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది, దాని ఫ్యాను మాత్రం హోరెత్తి మైకులో పడుతుంది. రికార్డింగు సమయంలో ప్లగిన్ల భారం తక్కువే కాబట్టి, పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి దించితే చాలా యంత్రాల్లో టర్బో (తాత్కాలికంగా వేగం పెంచుకునే పద్ధతి) ఆగిపోయి వేడి తగ్గుతుంది. కార్డియాయిడ్ మైకు వెనుకవైపు చప్పుడును తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి లాప్‌టాప్‌ను అటువైపు, వీలైనంత దూరంగా పెట్టండి. అయితే అంత దూరానికి వాడే మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్ అయిదు మీటర్లకు మించకూడదు.

లక్షణం: పాట శ్రుతి మారింది

ఇది శాంపిల్ రేటు తేడా. 44.1 దగ్గర రికార్డయిన పాటను 48 దగ్గర మోగిస్తే వేగం పెరిగి, ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఎక్కడో తేలుతుంది. ప్రాజెక్టులోనూ ఇంటర్‌ఫేస్‌లోనూ ఒకే రేటు పెట్టుకోండి.

చెడిపోయిన ర్యామ్, కొత్త ప్రాసెసర్లలోని వేగమైన, నెమ్మదైన కోర్లకు పని పంచడంలో పాత విండోస్ పడే తికమక, యాంటీవైరస్ అడ్డం రావడం వంటివి ఉండకపోవు. పైవన్నీ అయ్యాక చూసుకోవచ్చు. ఆపిల్ సొంత ప్రాసెసర్ల మాక్‌లలో డ్రైవర్ల తంటా తక్కువ, కానీ ర్యామ్ తరువాత పెంచుకునే వీలుండదు కాబట్టి కొనేటప్పుడే ఆలోచించాలి.

అన్నీ చూశాక కూడా కొనవలసే వస్తే, ఇంట్లోనే రికార్డింగు చేసేవారు డెస్క్‌టాప్ తీసుకోవడం మేలు. బ్యాటరీ ఉండదు, నెట్‌కు తీగ వాడుకోవచ్చు, పెద్ద ఫ్యాన్లు మెల్లగా తిరుగుతాయి, అదే ధరకు ఎక్కువ వేగం వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వంటి కంప్యూటర్ దుకాణాలున్న చోట్ల యంత్రాన్ని కూర్పించుకుంటే, డబ్బు కట్టే ముందే అక్కడ లేటెన్సీమాన్ నడిపి చూపించమని అడగండి. లాప్‌టాప్‌ను ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, డబ్బా విప్పిన రోజే వైఫై ఆన్‌లో ఉంచి, చార్జర్‌తో ఒకసారి, చార్జర్ లేకుండా ఒకసారి ఆ పరీక్ష చేయండి.