పిల్లోడి కొలెస్ట్రాల్ రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంటే నమ్మకండి, పిల్లల లెక్కతో చూడండి

తిరుపతి కొర్లగుంటలో నాది టైలర్ షాపు. నిరుడు జూన్‌లో యూనిఫాంకి మావాడి కొలత తీస్తుంటే నాకే భయమేసింది. పదకొండేళ్లకి ఎత్తు 56 అంగుళాలు, నడుము 31. మెడ వెనక నల్లగా ఉంటే మట్టనుకుని మా ఆవిడ పీచుతో రుద్దేది. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినా అలా నల్లబడుతుందని డాక్టర్ చెప్పాకే తెలిసింది.

మీరూ కొలవండి. ప్యాంటు కట్టే చోట కాదు, అక్కడ పొట్ట మొత్తం లెక్కలోకి రాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్య టేపు చుట్టి, ఊపిరి వదిలాక చూడండి. పిలకాయలు పొట్ట లోపలికి లాగేస్తారు, కబుర్లలో పెట్టండి. టేపు లేదా? పిల్లోడి ఎత్తంత దారం తెంపి, సగానికి మడిచి నడుముకి చుట్టండి. కొసలు కలవకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఆయన లిపిడ్ ప్రొఫైల్ రాస్తారు, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష. నేను బోల్తా పడింది అక్కడే. మొత్తం కొలెస్ట్రాల్ 168, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 142, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 41. ‘అన్నీ నార్మలేనన్నా’ అన్నాడు ల్యాబ్ కుర్రాడు. కాగితం మీద అచ్చేసినవి పెద్దవాళ్ల హద్దులు! పదేళ్లు దాటిన పిల్లలకి ట్రైగ్లిజరైడ్స్ 90 లోపుండాలి, 130 అంటేనే ఎక్కువ. హెచ్‌డీఎల్ 45 పైనుండాలి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేది 120 లోపుండాలి, మావాడికి 127. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ: లావు పిల్లల్లో తరచూ కనబడే వరస ఇదేనట. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం ఈ వయసులోనే మొదలై, ఎప్పటికో గుండె దగ్గర బయటపడుతుంది.

ఇంట్లో ముందు నూనె మీద పడ్డాం. కానీ ట్రైగ్లిజరైడ్స్‌ని బాగా పెంచేది తీపి. మిగిలిపోయిన చక్కెరనీ పిండినీ లివర్ కొవ్వుగా మార్చేస్తుంది. బడి నుంచి వస్తూ వాడు రోజూ తాగే మామిడి జ్యూస్ ఆపించాం, పండైతే నాలుగు ముక్కలు. రాగిసంగటి మంచిదే కదా అని మా అమ్మ మూడు ముద్దలు పెట్టేది, ఒకటి చేసి ఆకుకూర పెంచాం. రోజూ గంట ఆట. నెలకోసారి శ్రీవారి మెట్టు, 2,388 మెట్లు. మొదటిసారి ఐదొందలకే చతికిలబడి సోడా అడిగాడు.

పస్తులు మాత్రం పెట్టకండి. బరువు అలాగే ఉండి ఎత్తు పెరిగినా చాలామందికి సరిపోతుంది. దగ్గరి బంధువుల్లో మగవాళ్లకి 55 లోపు, ఆడవాళ్లకి 65 లోపు గుండెపోటు వచ్చుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 190 దాటితే అది వంశంలోంచి వచ్చిందేమో చూడాలి, మందులు పడొచ్చు.

మావాడికి మొన్న ట్రైగ్లిజరైడ్స్ 104. ఎత్తు యాభై ఏడున్నర, నడుము ఇరవై తొమ్మిదిన్నర. దారం కొసలకి ఇంకా ముప్పావు అంగుళం ఎడం ఉంది.