లెక్క చేస్తూ గొణిగే పిల్లలకు ఎట్ల చెప్పాలె

మాది దేవరకొండ దిక్కు. తండా బడిల ఒకటి నుంచి ఐదు దాకా నేనే చెప్త. పిల్లలు ఇంట్ల గోర్‌బోలి, అంటే లంబాడీ భాష, మాట్లాడ్తరు, అంగట్ల తెలుగు, పుస్తకం తెరిస్తే ఇంగ్లీషు. కొత్తల నేనొక పెద్ద తప్పు చేసిన. లెక్క చేస్తూ గొణిగేటోళ్లను ఊకోమని బెదిరిచ్చేదాన్ని. మూడో తరగతి పిల్ల ఒకతి నేను గద్దించంగనే పలక మీద చెయ్యి ఆపేసేది. ఆమెకు లెక్క రాదనుకున్న. ఆ పిల్ల దేనితోటి ఆలోచిస్తున్నదో దాన్నే నేను గుంజుకున్ననని తర్వాత సమజైంది.

రష్యాల వైగాట్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టి చూసిండు. బొమ్మ గీసే పిల్లగానికి కావల్సిన రంగు పెన్సిల్ దొరకకుండ చేస్తే, వాడు తనలో తను మాట్లాడుకునుడు దాదాపు రెట్టింపైంది. నీలం లేకుంటే ఎర్రదాన్నే నీళ్లతో తడిపి ముదురు చేస్తా అని పైకే అనుకుంటూ దారి వెతుక్కున్నడు. ఆ మాటలే పెద్దయినంక లోపలికి పోయి ఆలోచనైతయని ఆయన చెప్పిండు. ఆయన 1934ల పోయిండు గని, నా బడిల రోజూ కనపడేది అదే.

అందుకే ముందు గొణుగుడు వినుండ్రి. పక్కన కూసోండ్రి, నోరు మెదపకుండ్రి. 43లకెళ్లి 17 తియ్యమంటే ఒకడు 34 రాసిండు. పలక చూస్తే తప్పని తెలుస్తది, అంతే. వింటే మాత్రం, "మూడులకెళ్లి ఏడు పోదు, ఏడులకెళ్లి మూడు పోతది" అని తిప్పుకున్నడు. వానికి కావల్సింది పుల్లల కట్ట విప్పి పది పుల్లలు చేతికిచ్చుడు. ఇంకో ఇరవై లెక్కలు ఇస్తే ఏం ఫాయిద లేదు.

ఇంగ్లీషు లెక్కను ముందు ఇంటి మాటల చెప్పుండ్రి. పుస్తకంల "డిడక్షన్" చూసి బిక్కమొహం పెట్టిన పిల్లనే, టన్నుకు 100 కిలోలు తరుగు తీస్తే మూడు టన్నుల బత్తాయికి ఎన్ని కిలోల పైసలొస్తయంటే 2,700 అని టక్కున చెప్పింది. మీకు గోర్‌బోలి రాకుంటే ఐదో తరగతి పిల్లతోటి చెప్పియ్యుండ్రి, లేకుంటే వాళ్ల యాడిని (అమ్మను) పిలువుండ్రి. ఇంటి మాటల సమజైనంకనే ఇంగ్లీషు పదం దాని పక్కన పెట్టాలె.

అంకెల పేర్ల కాడ ఇంకా నిదానం కావాలె. పదమూడుల పది, మూడు రెండూ వినపడ్తయి. ఇంగ్లీషు "ఎలెవన్"ల పదీ లేదు, ఒకటీ లేదు. చైనా భాషల పదకొండుకు పేరే పది-ఒకటి. మనం గూడ ఒక కట్ట, ఒక పుల్ల పెట్టి "పది మీద ఒకటి" అని నాలుగొద్దులు అనిపిచ్చి, అప్పుడు ఎలెవన్ అనిపియ్యాలె.

ఇగ అసలే మాట్లాడని పిల్లలు. పక్షవాతమొచ్చి మా నాయనకు మాట పడిపోయింది. అయినా పులిమేక ఆటల నన్ను ఓడిచ్చేటోడు. ఇంగ్లండ్ల రోజ్‌మరీ వార్లీ, ఆమెతో పనిచేసినోళ్లు 2005ల మెదడు దెబ్బతిని మాట పోయిన ముగ్గుర్ని పరీక్షించిండ్రు. మనిషి సింహాన్ని చంపిండా, సింహం మనిషిని చంపిందా అన్న వాక్యాల తేడా వాళ్లకు అందలేదు. 59లకెళ్లి 13 తీసుడుకు, 13లకెళ్లి 59 తీసుడుకు తేడా మాత్రం తెలిసింది. అంటే మాట రాకున్నా బుద్ధి పనిచేస్తది. బడిల నోరు తెరవని పిల్లను మొద్దు అనుకునుడు అన్యాయం. చింతగింజలు ముందల పోసి, చేసి చూపియ్యమనుండ్రి. చెయ్యి సరిగ్గ చేసినంక, చేసినదాన్ని ఏమంటరో మీరు చెప్పుండ్రి.

గొణుగుడు ఎప్పుడు ఆగాలె అని తల్లిదండ్రులు అడుగుతరు. మనం ఆపొద్దు. ఏడెనిమిదేండ్లకు మెల్లగ గుసగుస అయితది, తర్వాత పెదవులే కదుల్తయి, కష్టమైన లెక్కొస్తే మళ్ల పైకొస్తది. పరీక్ష రోజు నేను పిల్లలను ఎడం ఎడంగ వరండాల కూసోబెడ్త. పక్కోళ్లకు వినపడకుంటే చాలు.